లైను బాబాయి

ఇళ్లకు నెట్ కనెక్షన్లు చూసే అతను వీధిలో అందరికీ లైను బాబాయి. ఎవరింటికి వెళ్లినా ముందు రౌటరు మీది దుమ్ము తన చేతిరుమాలుతో తుడుస్తాడు, తర్వాతే తిట్లు వింటాడు. నెలాఖరొస్తే అందరిదీ ఒకటే ప్రశ్న: "అన్‌లిమిటెడ్ అన్నారుగా, ఈ నత్తనడకేమిటి?" నెల వాడకానికి కంపెనీ పెట్టిన హద్దు దాటితే నెట్ ఆగదు గానీ వేగం పడిపోతుందని, చంటిపిల్లకు ముద్ద తినిపించినంత ఓపిగ్గా చెబుతాడు.

ఒక మధ్యాహ్నం బట్టలు కుట్టే ఆవిడ ఇంటికి వెళ్లాడు. ఆవిడకూ, ఊరవతల ఉన్న అక్కకూ పుట్టుకతోనే వినబడదు. రోజూ ఫోనులో చేతులతోనే కబుర్లు. ఇప్పుడు తెర మీద అక్క చెయ్యి గాల్లో బిగుసుకుపోయి ఉంది.

"మాకైతే బొమ్మ ఆగినా మాట వినబడుతుంది బాబాయ్. అమ్మకి బొమ్మే మాట" అంది కూతురు.

కొత్త నెలకింకా తొమ్మిది రోజులున్నాయి. బాబాయి కాసేపు తల గోక్కున్నాడు. ఫోనులో బొమ్మ నాణ్యత తగ్గించాడు. ఆవిడ వెనక వేలాడుతున్న పూలపూల బట్టలన్నీ తీసి తెల్ల దుప్పటి కట్టాడు. అక్కనూ ఖాళీ గోడ ముందు కూర్చోమని కూతురిచేత మెసేజ్ పెట్టించాడు.

"వెనక సందడి లేకపోతే లైనుకి బరువు తగ్గుతుందమ్మా."

బొమ్మ మసకగానే ఉంది గానీ, వేళ్లు కదిలాయి. ఆవిడ కళ్లు తుడుచుకుంది. మరుక్షణం ఆ చేతులే కోపంగా ఎగిరాయి. అటు చేతులు అంతకంటే జోరుగా.

"ఏమైందమ్మా?" కంగారుపడ్డాడు బాబాయి.

"మొన్నట్నించీ పెద్దమ్మ తిడుతోందట. బొమ్మ ఆగిపోయి అమ్మకేమో తెలియక, నవ్వుతూ తలూపిందట!"

బాబాయి సంచీ సర్దుకున్నాడు గానీ కదల్లేదు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, గుమ్మంలో నిలబడి ఆ పోట్లాట చివరిదాకా చూశాడు.