ఆరోసారి వంతెన ప్రశ్న

పార్టీ ఆఫీసు మేడమీద, పాతకాలపు సభ్యులు శాసనసభలో అడిగిన ప్రశ్నలూ, వాళ్ళకొచ్చిన ఉత్తరాలూ దాచిన గదికి ఆవిడే దిక్కు. అందరూ రికార్డులక్కయ్య అంటారు. పొద్దున్నే వచ్చి కట్టలు విప్పి, తుప్పుపట్టిన గుండుసూదులు గోటితో ఊడదీస్తుంది. తీసిన కాగితం తీసినచోట పెట్టనివాళ్ళని చూస్తే ఒళ్ళు మండిపోతుంది. పైకి మాత్రం ఏమీ అనదు; కళ్ళజోడు తీసి గట్టిగా తుడుచుకుంటుంది.

ఆవేళ కొత్త సభ్యుడి సెక్రటరీ వచ్చాడు. "రైలుపట్టాల మీద వంతెన గురించి పాత ప్రశ్న ఏదైనా ఉందేమో చూడండక్కయ్యా. రేపు మా సార్ సభలో అడగాలి."

ఆవిడ రోజూ ఇంటికి వెళ్ళేది ఆ పట్టాలు దాటుకునే. కిందటేడు ఆవిడ తోడికోడలు అక్కడే కాలు పోగొట్టుకుంది. వెతికితే ఒకటి కాదు, ఐదు ప్రశ్నలు దొరికాయి. ముప్ఫై ఏళ్ళలో ఐదుగురు అడిగారు. అందరికీ ఒకటే జవాబు, పరిశీలనలో ఉందని. ఆవిడ కొత్త ప్రశ్న టైపు చేసి, కింద ఆ ఐదు జవాబులూ తేదీలతో సహా చేర్చింది.

సెక్రటరీ ఎర్రపెన్నుతో ఆ ఐదు వరుసలూ కొట్టేశాడు. "ఇవెందుకక్కయ్యా? ఆ జవాబులు చెప్పినప్పుడల్లా గద్దె మీదున్నది మనవాళ్ళే కదా! ప్రశ్న ఒక్కటే ఇవ్వండి, చాలు."

ఆవిడ కళ్ళజోడు తీసి గట్టిగా తుడుచుకుంది. ప్రశ్న ఒక్కటే మళ్ళీ టైపు చేసి ఇచ్చింది. అతను మొదటి కాగితాన్ని ఉండచుట్టి చెత్తబుట్టలో వెయ్యబోతే మాత్రం చెయ్యి అడ్డుపెట్టింది.

"అది ఇలా ఇవ్వండి బాబూ. కొట్టేసిన కాగితమైనా ఇక్కడ పారెయ్యం."

మడతలు అరచేత్తో సాపుచేసి, అంచున తేదీ వేసి, కొట్టేసిందెవరో కూడా రాసి, ఆ ఐదింటి మీద పెట్టి కట్ట కట్టేసింది.