సంచి మీద మామ

మా కంపెనీ రాగులూ రాగిపిండీ అమ్మేది ఇళ్ళకు కాదు, వ్యాపారస్తులకే. హాస్టళ్ళు, హోటళ్ళు, హోల్‌సేల్ అంగళ్ళు. ఈ మాట చెబితే ఎవరైనా వెంటనే అడిగేది ఒకటే: మరి ఫోనుల్లో మీరు వేసే ఆ రీళ్ళన్నీ ఎవరి కోసం? నాకూ తెలియదు. బస్తాల లెక్కన కొనే వ్యాపారి కూడా మనిషే, అతనికీ కథ చెప్పాలి అని మదనపల్లెలో నేను డిగ్రీ అయ్యాక చేసిన కోర్సులో నేర్పారు. బస్టాండు దగ్గర మేడ మీద గదిలో జరిగేది ఆ కోర్సు. నేర్పినాయన ఎప్పుడైనా ఒక బస్తా ఏదైనా అమ్మాడా అన్నది అడగడం అప్పట్లో నాకు తోచలేదు.

కుప్పంలో రైల్వే స్టేషనుకు దగ్గర్లో మా ఆఫీసు. ముందు గదిలో నేనూ కంప్యూటరూ, వెనక గోడౌను. పొద్దున్నే వాట్సాప్‌లో వ్యాపారులందరికీ ఆ రోజు సరుకేముందో పంపాలి. స్టేటస్ పెట్టాలి. పేజీలో ఫోటో వెయ్యాలి. ఇవి కాక, సూట్లు వేసుకున్నవాళ్ళు తమను తామే పొగుడుకునే సైటు ఒకటుంది. పెద్ద హోటళ్ళకు సరుకు కొనే ఆఫీసర్లంతా అందులోనే ఉంటారట. అందులో మా యజమాని పేరు మీద ఇంగ్లీషులో గొప్పలు రాయడం కూడా నా పనే. సంతకానికి తప్ప ఇంగ్లీషు జోలికి పోని మనిషి, ఆ సైటులో మాత్రం ప్రతి సోమవారం నాయకత్వం గురించి ముత్యాలు రాలుస్తాడు. వాటికి మెచ్చుకోళ్ళు వస్తే నాకే చూపించి మురిసిపోతాడు.

చేరిన కొత్తలో నన్ను పుంగనూరు, మదనపల్లె అంగళ్ళ చుట్టూ తిప్పారు. మదనపల్లెలో ఒక పెద్ద వ్యాపారి నా ఫోనులో వీడియో చివరిదాకా ఓపికగా చూసి, "బాగుండాది గానీ అమ్మా, బస్తా విప్పు" అన్నాడు. విప్పితే గుప్పెడు తీసి అరచేతిలో వేసుకుని ఊదాడు, నాలుగు గింజలు నోట్లో వేసుకున్నాడు, "పంపియ్" అన్నాడు. నా కోర్సు అంతా ఆ ఊదుడుకు ఎగిరిపోయింది. అయినా తిరిగొచ్చి మళ్ళీ రీలే చేశాను. జీతం దానికే కదా ఇచ్చేది.

మాది రామకుప్పం పక్క పల్లె. మా ఆయన పొద్దున రైలెక్కి బెంగళూరు పనికి పోయి రాత్రికి వస్తాడు. అత్త లేదు. చేను చూసుకునేది మామ ఒక్కడే. ఏటా రాగి వేస్తాడు. ఏడాదికి ఇంటికి సరిపడా ఉంచుకుని మిగిలింది మా కంపెనీకే తోలేవాడు, కోడలు పనిచేసే చోటని. ఊళ్ళో ఆయన గర్వం ఒక్కటే: ఆ ఇంట్లోకి అంగడి రాగులు ఎప్పుడూ రాలేదు. "రాగులు కొనుక్కోని తినే రోజు వస్తే నేను సేద్యం సేసినట్టా?" అనేవాడు. ఆ మాట నేను పెళ్ళయిన కొత్తలోనే విన్నాను, తర్వాత ఏటా కొత్త రాగులు ఇంటికొచ్చిన రోజున విన్నాను.

అడివి మాకు దగ్గర. గింజ ముదిరే రోజుల్లో ఏనుగులు దిగుతాయి. మా ఊళ్ళో ఏనుగును ఏనుగనరు, సామి అంటారు. చేను తొక్కేసినా తిట్టరు. తిట్టి తరిమిన చుట్టం పగబట్టి మళ్ళీ వస్తాడట, మర్యాద చేసి సాగనంపితే సిగ్గుపడి రాడట. అందుకే పొద్దున ఇంటి పెద్ద చేనులోకి పోయి, అన్నిటికన్నా పెద్ద అడుగు వెతికి, దాంట్లో పసుపునీళ్ళు చల్లి, కర్పూరం వెలిగించి మొక్కుతాడు. బయటివాళ్ళకు అది భక్తిలాగే కనిపిస్తుంది. దగ్గర నిలబడి వింటే తెలుస్తుంది, పళ్ళు బిగబట్టి మొక్కే మొక్కు అది.

ఆ ఏడు మా వంతు వచ్చింది. మామ పొద్దున్నే చేను నుంచి వచ్చి, అరుగు మీద కూర్చుని, "అంతా పాయె అమ్మా" అన్నాడు, అంతే. నేను పసుపునీళ్ళ చెంబు తీసుకుని వెంట పోయాను. చేను చాప పరిచినట్టు ఉంది. గట్టు వెంబడి నాలుగు సాళ్ళు తప్ప నిలబడ్డది లేదు. మంచె కూడా పడిపోయింది. మామ ఆ అడుగు ముందర మోకాళ్ళ మీద కూర్చుని చేతులు జోడించి, "తిన్నావు, తొక్కినావు, సాలు సామీ. నా కడుపు కొట్టినావు, ఇంక ఈ పక్క రాబాకు" అన్నాడు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

నేను ఫోను తీసి పట్టాను. యజమానికి పంపి, సార్ మా చేను పోయింది, ఈ రోజు రాలేను అని పెట్టాను. సెలవు అడగడానికే ఆ వీడియో. ఊరికే చెబితే నమ్మడు, ఏనుగు సాకు చెబుతోంది అంటాడు. గాలి జోరుగా ఉండింది, అందులో మామ మాట వినపడలేదు.

జవాబు వెంటనే వచ్చింది. "అయ్యో పాపం. వీడియో మాత్రం సూపర్‌గా వచ్చిందమ్మా. ఇంకా పొడుగుది ఏమన్నా ఉండాదా?"

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. ఆ సామెత చెప్పినవాడు మా యజమానిని చూసే చెప్పి ఉంటాడు.

మరునాడు ఆఫీసుకు పోయేసరికి మామ లోకమంతా తిరిగేశాడు. యజమాని ఎవరిచేతో వీడియో వెనక పిల్లనగ్రోవి పాట పెట్టించి, పేజీలో, సూట్ల సైటులో వేయించాడు. కింద రాత: అడివితో పంట పంచుకునే రైతు, మా రాగులు ఈ చేతుల నుంచే. సూట్ల సైటులో నేను నెలల తరబడి రాసిన ముత్యాలకు రాని మనుషులు, ఈ ఒక్క వీడియోకు వరస కట్టారు. బెంగళూరు హోటళ్ళవాళ్ళు, ఎక్కడెక్కడి సూపర్‌మార్కెట్లవాళ్ళు. మా భోజనం బల్ల మీద ఇలాంటి కథ కావాలని ఎదురుచూస్తున్నాం అని ఒకాయన రాశాడు. బల్ల మీద కథ పెడితే ఎవరి కడుపు నిండుతుందో నాకు అర్థం కాలేదు.

పెద్ద హోటలు కొనుగోలు ఆఫీసరు ఫోను చేస్తే ఎత్తింది నేనే.

"ఆ పెద్దాయన రాగులే కావాలండి మాకు."

"ఆయన దగ్గర రాగులు లేవండి. ఏనుగులు తొక్కేసినాయి. వీడియోలో ఉండేది అదే."

మా యజమాని ఫోను నా చేతిలోంచి తీసుకుని, "పంపిస్తాం సార్, మీకెంత కావల్ల?" అన్నాడు.

రాగులు రాష్ట్రం ఎల్లకు అవతలి నుంచి లారీలో వచ్చాయి. ఏ ఊరివో గోడౌనులో ఎవరూ అడగలేదు. వాటిని నింపడానికి కొత్త సంచులు అచ్చు వేయించారు. సంచి మీద మామ. చేతులు జోడించి, కళ్ళల్లో నీళ్ళతో, కొన్నవాడికి దండం పెడుతున్నట్టు.

నేను ఊరుకోలేదు. "సార్, ఆయన పంచుకోలేదు. పొమ్మని మొక్కుతాండాడు" అన్నాను.

"పొమ్మనేది సౌండులో లేదు గదమ్మా" అన్నాడు ఆయన, తాపీగా. "సూసేవాళ్ళకు ఏది కనపడితే అదే. మీ మామకు ఒకరోజు శాలువా కప్పుదాంలే."

మామ శాలువాకు రాలేదు. అప్పటికే ఊళ్ళో తలెత్తుకోలేకుండా అయింది. అడివి వెంబడి కందకం తవ్వించమని అర్జీ పెట్టుకోవడానికి ఊరంతా కూర్చున్న రోజు, పక్క చేనాయన అందరి ముందర ఫోను పైకెత్తి చూపించాడు. "నీకేమప్పా, సామితో పంచుకుంటాండావంట. రేపు మనం ఫారెస్టోళ్ళ కాడికి పోతే ఇది సూపించి, మీరే సామికి పెడతాండారు గదా, ఇంక కందకం యాల తవ్వల్ల అంటారు." మామ లేచి వచ్చేశాడట. ఈ సంగతి నాకు ఆయన చెప్పలేదు, నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు చెప్పారు.

ఆ సాయంత్రం ఆ వీడియో చూపించమన్నాడు. చూసి, "ఈ పాట యాల పెట్టినారమ్మా? నేను ఏమంటాండానో ఇనపడల్యా" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. తీసెయ్యమని మరునాడు మళ్ళీ అడిగాను. ఇప్పుడు తీస్తే ఆర్డరు పోతుందన్నాడు యజమాని. పైగా, నేను అటు తిరిగేసరికి, "ఈ తడవ సామి దిగితే ముందే చెప్పు, కెమెరా మనిషిని పంపుదాం" అన్నాడు. ఇంకొకరి చేను పోవాలని ఎదురుచూసే వ్యాపారాన్ని నేను చూడటం అదే మొదటిసారి.

ఆ నాలుగు సాళ్ళ రాగులు ఎన్నాళ్ళొస్తాయి? ఎండలు ముదరకముందే ఇంట్లో గోతం అడుగంటింది. మామ సంగటి కొంచెం కొంచెం తగ్గించి తినడం చూశాను. ఒకరోజు గోడౌనులో నా జీతంలో పట్టుకోమని చెప్పి ఒక సంచి తీసుకున్నాను. వేరే సంచులు లేవు, అన్నిటి మీదా మామే. ఆయన కంట పడకూడదని దాన్ని పాత గోతంలో దూర్చి బస్సులో వేసుకుని వచ్చాను. మిల్లులో పిండి ఆడించుకుని వచ్చాక వండుదాం, మిగిలిన రాగులు డబ్బాలో పోసి సంచి దాచేద్దాం అనుకున్నాను.

నేను కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి మామ గోతం విప్పి కూర్చున్నాడు. సంచి ఒళ్ళో ఉంది. వేలితో తన మొహం మీద దుమ్ము తుడుస్తున్నాడు.

"ఎప్పటికైనా రాగులు కొని తినల్లని రాసిపెట్టి ఉంటే తింటాం, దానికేమి" అన్నాడు. తర్వాత తలెత్తి నన్ను అడిగాడు.

"మొగం నాదే గదమ్మా. రాగులు ఎవురివి?"

"తెలీదు మామా."

కొన్ని రాగులు ఆడించుకొచ్చి ఆ రాత్రి సంగటి కెలికి, చెనిగ్గింజల ఊరిబిండి నూరి పెట్టాను. మామ తిని, కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచాడు. పొద్దున మళ్ళీ కుప్పం బస్సెక్కాను. ఇంట్లోకి ఇప్పుడు రాగులు వచ్చేది నా జీతంతోనే. ఆఫీసులో కూర్చుని, వ్యాపారులందరికీ ఆ రోజు స్టేటస్ పెట్టాను. మామ ఫోటోతోనే పెట్టాను.