మూఢం పోయాక వేయించుకోవలసిన క్యాపు

ఆ ఏడు పెళ్ళిళ్ళన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. మూఢం వచ్చేస్తోందని, ఆలోపే ముహూర్తాలు పెట్టుకున్నవాళ్ళంతా జాకెట్టు ముక్కలు పట్టుకుని మహబూబాబాద్‌లో మా ఇంటి ముందుగదికి వచ్చేవాళ్ళు. గూడూరు నుంచి వచ్చిన ఒక పెళ్ళికూతురి తల్లి అయితే, ఎక్కడ వేరేవాళ్ళ బట్ట పట్టుకుంటానో అని నా మిషను పక్కనే కూర్చునేది. ఆ హడావుడిలోనే నాకు పన్ను నొప్పి మొదలైంది. కింది వరుసలో కోరపన్ను పక్కది. ఏళ్ళ తరబడి దారం కొరికింది దానితోనే.

పంటి డాక్టరమ్మ నరం తీసేసి, లోపల మందు నింపింది. నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. హమ్మయ్య అని లేవబోతే కూర్చోమంది.

"ఇంకా అయిపోలేదక్కా. నరం తీసిన పన్ను ఎండు పుల్ల లెక్క పెళుసైతది. చుట్టూ జర అరగదీసి, కొలత తీసుకొని మీద క్యాపు పెట్టాలె. కొలత వరంగల్ పంపిస్తం. గట్టి క్యాపు వచ్చేదాక టెంపరరీది పెడ్త. సూది ఇచ్చి చేస్తం, నొప్పేం తెల్వది."

"నరం తీసిన ప్రతి పన్నుకు పెడ్తరా?" అని అడిగాను.

"ముందుపన్నుకు ఒక్కోపారి అక్కర ఉండదు. నమిలే పన్నుకు తప్పదు. లేటు చెయ్యకు. నిలువున చీలిందంటే నేను కూడ ఏం చెయ్యలేను."

ఈ పెళ్ళిళ్ళు కానివ్వమన్నాను. దారం కొరకకుండా కత్తెరకు తాడు కట్టి మెడలో వేసుకున్నాను. చివరి జాకెట్టు ఇచ్చి పంపేసరికి నడుము నాది కాదు, కళ్ళు నావి కావు. అప్పటికి మూఢం వచ్చేసింది. క్యాపు వేయించుకోవడానికి వెళ్తున్నానంటే మా అత్తమ్మ అడ్డం పడింది.

"మూఢంల కొత్త ముక్కుపుల్లనే ఏసుకోం. నోట్లె కొత్త పన్ను పెట్టిచ్చుకుంటవా? మూఢం ఎళ్ళిపోనియ్యి బిడ్డా. నొప్పయితే లేదు గదా."

మా అత్తమ్మ చెడ్డ మనిషి కాదు. నొప్పి ఉన్నన్నాళ్ళూ జావ కాచి, చల్లార్చి చేతికిచ్చింది. ఆమె పళ్ళు ఒక్కొక్కటే ఊడిపోతుంటే దవాఖానకు తీసుకుపోయినవాళ్ళే లేరు. అలాంటి మనిషితో వాదించాలంటే ఓపిక కావాలి. నా ఓపికంతా హుక్కులు కుట్టడానికే అయిపోయింది. తలూపి ఊరుకున్నాను.

ఇక అప్పటి నుంచి ఒక పక్కతోనే నమలడం. అన్నం ముందు కూర్చుంటే ఆకలి కంటే ముందు విసుగు వచ్చేది. నాలుక ఊరికే ఆ పన్ను దగ్గరికే పోయేది, ఉందా లేదా అని.

ఒక మధ్యాహ్నం ఆదమరిచాను. జొన్నరొట్టె అంచు, అదీ కూరలో నానినదే. నోట్లో టక్కుమంది. పెద్దగా నొప్పి పుట్టలేదు. అందుకే ఎక్కువ భయం వేసింది.

డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"వేరుదాక చీలిందక్కా. ఇగ క్యాపు పట్టదు, పీకెయ్యాలె."

పుండు మానాక ఆ ఖాళీలో పన్ను పెట్టాలంటే, అటు పక్కదీ ఇటు పక్కదీ కూడా అరగదీసి, మూడూ కలిపి క్యాపు వేయాలట. ఆ రెండూ గట్టి పళ్ళు. ఏనాడూ నన్ను సతాయించలేదు. వాటిని తలుచుకుంటే నాకు ఏడుపొచ్చింది.

సూది ఇచ్చి, మందు పట్టేదాకా బయట కూర్చోమంది. అప్పుడే అత్తమ్మ ఫోన్ చేసింది. పన్ను చీలిందని, పీకేస్తారని చెప్పాను.

"గట్లనా," అంది, నాకు ధైర్యం చెబుతున్నట్టు మెల్లగా. "పీకిపిచ్చుకో బిడ్డా. ఏం పరేషాన్ గాకు. పీకుడుకు మూఢం అడ్డం లేదు."

అరవాలనిపించింది. ఆ ఇంటికి వచ్చాక మొదటిసారి, వీధి మొత్తం వినేలా అరవాలనిపించింది. కానీ పెదవీ నాలుకా అప్పటికే మొద్దుబారిపోయాయి. నోరు తెరిస్తే "సరే అత్తమ్మా" అన్న మాటే వచ్చింది, అదీ సగమే. లోపలి నుంచి నన్ను రమ్మని పిలిచారు.