టీచరమ్మ అడిగిన చేను

మా ఊరి హైస్కూలు సైన్సు టీచరమ్మ పట్నం దవాఖానలో కన్నుమూసిందని మొన్న పొద్దున చేనులో ఉండగా కబురొచ్చింది. జ్వరమని పోయిన మనిషి. ఇంకా చిన్న వయసే.

నాది ప్రతిదానికీ భయపడే గుణం. వాన రాకున్నా భయమే, వచ్చినా భయమే. ఇటిక్యాల పక్కన మాకు విత్తనపత్తి చేను, అంటే కంపెనీకి విత్తనం కోసం వేసే పత్తి, ఉంది. సాయంత్రం ఆడ వరుసల మొగ్గల్లోని పుప్పొడిని గిల్లేసి ఉంచి, మర్నాడు పొద్దున మగపూలు కోసి వాటి పుప్పొడి రుద్దాలి. ఆ పనికి చిన్న వేళ్లు కావాలి. మనవరాలు పదో తరగతిలో సైన్సు ఎట్లాగూ తప్పుతుందని, బడి చాలించి చేనుకు రమ్మన్నాం.

నాలుగు రోజులు చూసి టీచరమ్మ తరగతి పిల్లలందరినీ వెంటేసుకుని మా గట్టు మీదికి వచ్చింది.

"ఏంది టీచరమ్మా, బడంతా తోలుకొచ్చినవ్?"

"బడిల సైన్సు గది లేదు గదవ్వా. ఉన్న ఒక్క బీరువాకు చెదలు పట్టింది. జర నీ చేను ఇయ్యి."

"చెట్లు తొక్కుతరేమోనని పరేషానైతున్న."

"తొక్కితే నన్ను కూలికి పెట్టుకో."

పువ్వు ఒకటి కోసి మా పిల్ల చేతిలో పెట్టి, "నువ్వు చెప్పు" అంది. తరగతిలో లేపితే నేల చూసే పిల్ల, రేకులు విప్పి, పుప్పొడి ఎక్కడుంటుందో, గింజ ఎక్కడ కడుతుందో తోటి పిల్లలకు చూపించింది. టీచరమ్మ ఒక్కోదానికి పుస్తకంలో ఉన్న పేరు చెబుతూ పోయింది. నా వేళ్లకు ఏళ్లకేళ్లు అంటిన పుప్పొడి చదువులో ఉందని నాకు ఆ పూటే తెలిసింది.

"గిదే పరీక్షల అడుగుతరవ్వా. రేపటి సంది పిల్లను తోలు."

"మరి పూలు?"

"పూలకు మీరు పెద్దోళ్లున్నరు. పిల్లకు పదో తరగతి మళ్ల వస్తదా?"

నేను తలూపాను. పిల్ల పాసయింది, ఇప్పుడు వనపర్తిలో ఇంటర్ చదువుతోంది. టీచరమ్మ మాత్రం ఆగలేదు. ప్రతి ఏడూ పూల కాలంలో బడికి రాని పిల్లల ఇళ్లకు పోయేది. ఎవరినీ కోప్పడేది కాదు. గడపలో కూర్చుని, "చాయ్ పోస్తవా, పిల్లను తోలుతవా? రెండూ అయితే ఇంకా మంచిది" అనేది.

మొన్న కబురు వినగానే చేనులో ఉన్న ఆడవాళ్లమంతా పని వదిలి టీచరమ్మ ఇంటికి పోయాం. ఒక్క పొద్దు తప్పితే గిల్లిన పూలు దక్కవు. ఆ మాట ఎవరూ ఎత్తలేదు, నేను కూడా.

సాయంత్రం తిరిగొచ్చి చూస్తే, పొద్దున తెల్లగా పూసి ఎవరూ కోయని మగపూలు చేను పొడవునా ఎర్రబారి ఉన్నాయి.