మగ్గం గుంతల బందీ

"డాడీ, బందీని విడిచిపెట్టాల్నా, శత్రువులకు అప్పగియ్యాల్నా?" ఫోన్ల రాజ్యాల ఆట ఆడుకుంట అడిగింది మా బిడ్డ. నాకు ఒక్కసారిగ మగ్గం నూలుకు పెట్టే గంజి వాసన కొట్టింది.

సిద్దిపేటల మా మగ్గాలింట్ల ఎండకాలం ఆడిన రాజులు-రాక్షసులాట యాదికున్నదా దోస్తులూ? దొరికినోళ్లు మగ్గం గుంతల, నేసెటోళ్లు కాళ్లు పెట్టుకునే కాడ, కూసోవాలె. సొంత జట్టోళ్లొచ్చి ముట్టేదాంక నోరు తెరవొద్దు.

ఆ దినం రాజుల జట్టు సుజాత దొరికింది. నేను రాక్షసుణ్ని. గెలవాలని వాళ్ల జట్టు కాడికి పోయి, "సుజాత మా దిక్కు తిరిగింది" అని అబద్ధం చెప్పిన. ముట్టనీకి ఎవ్వలు రాలే, సుజాత గుంతలనే ఉండిపోయింది. మేం అన్నం తింటుంటే, నేసెటోళ్లు లేని మగ్గం టక్ టక్ మన్నది.

ఆ సప్పుడుకు మా అవ్వ పోయి, "లే బిడ్డా, ఆటైపోయింది" అని చేయి పట్టి లేపింది. సుజాత లేసింది గని మాట్లాడలే. కళ్లార్పకుండ నన్నే చూసుకుంట దుమ్ముల వేలుతోని రాసింది: "మావోళ్లు ముట్టలే."

నిజం చెప్తే వాళ్లు ఉరికొచ్చేటోళ్లు. నేను చెప్పలే. తెల్లారి సుజాత అందరితోని మామూలుగనే మాట్లాడింది. నాతోని ఇయ్యాల్టిదాంక మాట్లాడలే.

నేను జవాబు చెప్పేలోపే మా బిడ్డ "అప్పగించు" నొక్కింది. తెర మీద బందీ ఏమనలే. కళ్లార్పకుండ నా దిక్కే చూసింది.