ఆరు బస్తాల లెక్క

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. ఒకటి, తెలంగాణ రేపోమాపో వచ్చేస్తుందని. రెండోది, లెక్కలు నాకంటే బాగా ఎవరూ చెప్పలేరని. మొదటిది రావడానికి ఏళ్లు పట్టింది, రెండోది పోవడానికి ఒక్క మధ్యాహ్నం చాలింది. మానుకోట దగ్గర ఒక తండా బడిలో విద్యావాలంటీరుగా చేరిన కొత్తలోనే సమ్మె వచ్చి బడికి తాళం పడింది. మా పెద్దసారు రోడ్డు పక్కన దీక్షా శిబిరంలో కూర్చునేవారు. అదే టెంటు వెనక నేను ఐదో తరగతి పిల్లలతో చింతగింజలు, అగ్గిపుల్లలు పెట్టి లెక్కల పొడుపుకథలు విప్పించేదాన్ని. ఒకరోజు ఆయన నన్ను పిలిచి, "ఎల్లుండి రోడ్డు మీద వంటావార్పు పెట్టినం బిడ్డా. మూడు వందల మందొస్తరు. బియ్యం మానుకోట సేటు ఇస్తనన్నడు. ఎన్ని కావాల్నో నీ పిల్లలతోనే లెక్క తీయించు" అన్నారు.

నాకు ఏనుగెక్కినంత సంబరమైంది. ఒక మనిషి ఒక పూటకు ఎన్ని బియ్యం తింటారో ఇంటింటికీ తిరిగి రాసుకురమ్మని పిల్లల్ని నోటుపుస్తకాలతో తరిమాను. సాయంత్రం సగటు తీస్తే మనిషికి అరకిలో తేలింది. మూడు వందల మందికి నూటయాభై కిలోలు, అంటే పాతిక కిలోల బస్తాలు ఆరు. (నేను పావుకిలో కూడా తినలేను. కాయకష్టం చేసేవాళ్లు కదా, తింటారులే అని సరిపెట్టుకున్నాను.) సేటు మాత్రం తల అడ్డంగా ఊపాడు. "మూడు బస్తాలు సాలు టీచరమ్మా. ముప్ఫై ఏండ్ల సంది బియ్యం అమ్ముతున్న" అన్నాడు. నేను పలక చూపించి వాదించాను. పెద్దసారు నా వైపే నిలబడి, "మా పిల్లలు కట్టిన లెక్క సేటూ, ఆరే పంపు. ఒక్క మెతుకు వేస్టయితే నన్నడుగు" అని మాటిచ్చారు.

ఆ రోజు మూడు వందల మందీ వచ్చారు, తిన్నారు, చేతులు కడుక్కున్నారు. చాపల మీద ఆరబోసిన అన్నం సగానికి సగం అలాగే ఉంది. అన్నం పారబోస్తే నా పరువు సరే, నన్ను నమ్మి మాటిచ్చిన పెద్దసారు సేటుకు ముఖమెలా చూపిస్తారు? అప్పుడు ఎక్కాల బుజ్జి (ఇరవయ్యో ఎక్కం దాకా గుక్కతిప్పుకోకుండా చెప్పేది) నా కొంగు లాగి, "మేడం, మా యాడి రెండింతలు చెప్పింది" అంది. యాడి అంటే తండాలో అమ్మ. ఆ తల్లి పక్కనే ఉంది, ఏమాత్రం మొహమాటపడలేదు. "బుక్కు వట్టుకొని ఎంత తింటరని అడిగితే రేషన్ కోటా రాస్కపోతున్నరనుకున్నం. తక్కువ చెప్తే కోత పెడ్తరు గద. తండా మొత్తం గట్లనే చెప్పినం."

నాకు ఏడుపు ఒక్కటే తక్కువ. పెద్దసారు మాత్రం రోడ్డు వైపు చూస్తున్నారు. మా వంటావార్పు వల్ల అటూ ఇటూ బస్సులు, లారీలు బారులుగా ఆగిపోయాయి. "ఆపింది మనమే, పెట్టాల్సింది గూడ మనమే. పిల్లలను పంపు, ఎంతమంది ఉన్నరో లెక్కవెట్టి రమ్మను" అన్నారు. బుజ్జి రొప్పుతూ తిరిగొచ్చి, "రెండొందల డెబ్బయి ఒకటి మేడం. ఒకాయన పండుకున్నడు, ఆయన్ని గూడ రాసిన" అంది. విసుక్కుంటున్న ప్రయాణికులు దిగి వచ్చి విస్తళ్ల ముందు కూర్చున్నారు. మమ్మల్ని లేపడానికొచ్చిన పోలీసులు మొదట వద్దన్నారు, తర్వాత మారు వడ్డించుకున్నారు. పప్పుచారులో మాత్రం రెండు బిందెల నీళ్లు పోయాల్సి వచ్చింది. సేటు ఖాళీ చాపలకేసి చూసి, "లెక్క తప్పలేదు టీచరమ్మా. మనుషులను తక్కువ రాసిన్రు, గంతే" అన్నాడు.

ఇప్పుడు పెద్దసారు కుర్చీలో నేను కూర్చుంటున్నాను. ఏటా ఐదో తరగతికి ఈ లెక్కే ఇస్తాను, మనిషికి పావుకిలో చొప్పున. పిల్లలు మూడు బస్తాలని సరిగ్గానే చెబుతారు, నేను మార్కులూ వేస్తాను. అయినా పలక పట్టుకుని ఆరు బస్తాలని వాదించిన ఆ పొగరుబోతు పిల్ల మీద నాకెందుకో కోపం రాదు. మా ఇంట్లో ఉండేది ఇద్దరమే. బియ్యం మాత్రం ఇప్పటికీ నలుగురికి కడుగుతాను.