చంద్రుని అంచున ఊదారంగు

మా అమ్మాయికి కొన్న దుర్భిణి పెట్టె విప్పగానే కొత్త రబ్బరు, జిగురు కలిసిన వాసన గదంతా కమ్మింది. ముందువైపు అద్దం ఒకటి కాదు, రెండు రకాల గాజుతో చేసినవి రెండు అతికించి ఉన్నాయి. ఒక్క అద్దమే ఉంటే తెల్లని వెలుతురులోని రంగులన్నీ ఒకచోట కలవవు, అంచుల్లో ఊదారంగు మిగిలిపోతుంది. మొదటిది విడదీసిన రంగులను రెండోది మళ్ళీ దగ్గరికి చేరుస్తుంది. పిల్లకు ఇది చెబుతుంటే మా ఊరి ఖాదర్ చాచా గుర్తుకొచ్చాడు.

మా సిరిసిల్లలో పొద్దంతా సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు, గల్లీ నిండా గంజి పట్టించిన నూలు వాసన. తెగిన పోగు కంటికి ఆనకపోతే పని సాగని నేతవాళ్ళందరికీ కళ్ళద్దాలు ఖాదర్ చాచా చేసినవే. ఆయన తన చిన్న దుకాణంలో సాన మీద నీళ్ళు చిలకరిస్తూ అద్దాన్ని అరగదీసి, వెలుగుకు ఎత్తిపట్టి, ఒక కన్ను మూసి చూసేవాడు. ఏడో తరగతిలో నేను దుర్భిణి చేస్తానంటే నాకంటే ఎక్కువ సంబరపడి, పెద్ద అద్దం తానే అరగదీసి ఇచ్చాడు. బట్ట చుట్టే అట్టగొట్టానికి దాన్ని బిగించి, చూసేవైపు గడియారాలు బాగుచేసే ఆయన దగ్గర అడిగి తెచ్చిన భూతద్దం పెట్టాను.

సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం, పూలు నీళ్ళలో వదిలి, సత్తుపిండి పంచుకుంటూ తిరిగివస్తున్న ఆడవాళ్ళను ఆపి సగం చందమామను గొప్పగా చూపించాను. అంచు పొడవునా ఊదారంగు.

"గిదేందే పిల్లా, చంద్రునికి రంగంటిందా?" అని అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఖాదర్ చాచా ఖరాబు అద్దమిచ్చిండు," అనేశాను.

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. ఆ మాట సత్తుపిండి కంటే ముందే ఇళ్ళు చేరింది. చాచా నన్ను పల్లెత్తు మాట అనలేదు. మూడుసార్లు కొత్తగా అరగదీసి ఇచ్చాడు, మూడుసార్లూ ఊదారంగు పోలేదు. దీపావళి నాటికి మా గల్లీవాళ్ళు కళ్ళద్దాల కోసం కరీంనగర్ బస్సెక్కసాగారు. నేను చూస్తూ ఊరుకున్నాను.

మొన్న జగిత్యాలలో కూతురి దగ్గరుంటున్న ఆయన భార్యను వెతుక్కుంటూ వెళ్ళాను. చాచా పోయి చాలా ఏళ్ళయింది. దుకాణం ఉన్నచోట ఇప్పుడు ఫోన్లు బాగుచేస్తున్నారు, సాన ఎవరు పట్టుకుపోయారో ఆమెకే తెలియదు.

"గా మూడో అద్దం తర్వాత ఆయన సాన ముట్టలే బేటా. నా చెయ్యి పోయింది అనేటోడు. తయారైన అద్దాలే తెచ్చి బిగిచ్చిండు," అన్నది.

తప్పు ఆయన చేతిది కాదనీ, ఎంతటి నేర్పరి అరగదీసినా ఒక్క అద్దంతో ఆ రంగు పోదనీ చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది.

"గిది నీకెప్పుడు దెలిసింది?"

ఇంటర్ చదివేటప్పుడు, అన్నాను. అప్పటికి చాచా ఇంకా దుకాణంలోనే కూర్చునేవాడు. నేను రోజూ దాని ముందునుంచే కాలేజీకి పోయేదాన్ని.